అసిమోవ్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి: రోబో కథలా, ఫౌండేషనా?

రాసినవీ సంకలనం చేసినవీ కలిపి దాదాపు 500 పుస్తకాలు మిగిల్చి 1992లో కన్నుమూసిన అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్‌ను కొత్తగా చదవబోయేవారికి తరచూ ఎదురయ్యే సందేహం ఇది: ముందు 1950 నాటి ‘ఐ, రోబో’ చదవాలా, 1951–53 మధ్య మూడు సంపుటాలుగా వచ్చిన ‘ఫౌండేషన్’ చదవాలా?

సమయం: ‘ఐ, రోబో’లో కథలు తొమ్మిదే, ఒక్కొక్కటీ ఒక్క బిగిన ముగుస్తుంది. ఫౌండేషన్ మూడు సంపుటాల ఓపిక కోరుతుంది.

శ్రమ: మొదటిదానిలో రోబోలు పాటించాల్సిన మూడు సూత్రాలు (మనిషికి హాని చేయకూడదు, ఆజ్ఞ పాటించాలి, తనను కాపాడుకోవాలి, ఈ వరుసలో) గుర్తుంటే చాలు. రెండవదానిలో తరాలు మారిపోతాయి, మనం ఇష్టపడిన పాత్ర తర్వాతి భాగానికి చరిత్రగా మిగులుతుంది.

నిలిచే గుణం: బుధగ్రహం మీద, తేలిగ్గా ఇచ్చిన ఆజ్ఞకూ తనను కాపాడుకోవాలన్న సూత్రానికీ మధ్య చిక్కుకుని సెలీనియం మడుగు చుట్టూ తిరుగుతూ ఉండిపోయే రోబో కథ, నియమాలు ఎంత స్పష్టంగా రాసినా అవి ఎక్కడ ఒకదానితో ఒకటి ఢీకొంటాయో చూపిస్తుంది, యంత్రాలకు ఆజ్ఞలిస్తూ బతుకుతున్న మనకు ఇంతకంటే దగ్గరి కథ నాకు తెలియదు. ఫౌండేషన్ బలం వేరు: రోమన్ సామ్రాజ్య పతనం స్ఫూర్తితో, గెలాక్సీ అంతటా విస్తరించిన సామ్రాజ్యం కూలాక రాబోయే ముప్పై వేల ఏళ్ల అంధయుగాన్ని వెయ్యేళ్లకు కుదించాలనుకునే గణితవేత్త ఆలోచన చుట్టూ అది నడుస్తుంది.

ఇబ్బంది: రెండింటిలోనూ వచనం నిరాడంబరం. ఫౌండేషన్‌లో సంభాషణలే ఎక్కువ, యుద్ధాలు చాలావరకు తెర వెనుకే జరుగుతాయి.

తర్కపు చిక్కుముడులు ఇష్టపడేవారికీ, పిల్లలతో కలిసి చదివేవారికీ రోబో కథలు తగినవి. చరిత్ర, రాజకీయం మీద ఆసక్తి ఉండి, నెమ్మదిగా చదవగలిగినవారు నేరుగా ఫౌండేషన్‌తోనే మొదలుపెట్టవచ్చు.