హెల్మెట్ మీద ఫోన్ నంబరు వేయించిన పాపానికి

ఈ సేఫ్టీ హెల్మెట్లు కొన్న కొత్తలో ఎవరడిగినా కళ్లు మూసుకుని కొనేయమని చెప్పాను. రెండున్నరేళ్లయింది. ఇప్పుడు అడిగితే మాత్రం ముందు కూర్చోమంటాను.

మావి వెనక నాబ్ తిప్పి బిగించుకునే రకం, ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి, మొత్తం 36. ప్రమాణాల ముద్ర ఉందా, ఎవరికి ఏ రంగు లాంటివన్నీ అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నా గొడవంతా వాటి మీద వేయించిన అచ్చు గురించి.

లోగో వేయిద్దాం అనుకున్నప్పుడు మా బావ ఫోన్ నంబరు కూడా ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. మా ఇళ్లు కట్టే పనిలో సగం వాటా ఆయనది. "నాలుగో అంతస్తులో ఉన్నవాడి నుదుటి మీద నంబరు రోడ్డున పోయేవాడికి ఎలా కనిపిస్తుంది బావా?" అంటే, "వాడు కిందికి దిగడా ఏంటి?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ముందు వైపు లోగో, దాని కింద పది అంకెలు. ప్యాడ్ ప్రింటింగ్ చేయించాం. అంటే మెత్తటి సిలికాన్ దిమ్మె ఒకటి పలక మీది సిరాను ఎత్తుకొచ్చి, ఒంపు తిరిగిన చోట కూడా చక్కగా అద్దుతుంది. పని బాగా చేశారు, వంక పెట్టడానికి లేదు. ఏడాదిన్నర ఎండకీ వానకీ ఒక్క అంకె చెరగలేదు. అదే మా కొంప ముంచింది.

ఎందుకంటే మా ఆఫీసు నంబరు మారింది. పాతది చెరిపి దాని మీద కొత్త స్టిక్కర్ వేస్తే సరిపోతుందని బావ అన్నాడు, నేనూ సరేనన్నాను. పెయింటింగ్ కుర్రాళ్ల దగ్గర థిన్నర్ ఎలాగూ ఉంది. నేను ఆ రోజు ఇంకో సైట్‌లో స్లాబ్ పనిలో ఉన్నాను. సాయంత్రం వచ్చి చూస్తే 22 హెల్మెట్లు గుడ్డపెట్టి రుద్ది గోడ మీద వరుసగా ఆరబెట్టి ఉన్నాయి. అంత రుద్దినా నంబరు పూర్తిగా పోలేదు. మసక నీడలా మిగిలింది, కాస్త పక్కకు వంచి చూస్తే పది అంకెలూ చదవచ్చు. చుట్టూ మెరుపు మాత్రం పోయింది. బొటనవేలితో నొక్కితే కొద్దిగా జిగురుగా తగిలింది. ఆరితే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

పది రోజుల తర్వాత రాడ్ బెండింగ్ చేసే అతను ఒకడు మధ్యాహ్నం నీడలో కూర్చుని హెల్మెట్‌ను గోటితో గీకుతున్నాడు. ఏంటని అడిగితే, "వెంట్రుకలు అంటుకున్నాయి సార్, ఎంత గీకినా రావట్లేదు" అన్నాడు. తీసుకుని వెలుగులో పెట్టి చూశాను. వెంట్రుకలు కావు, పగుళ్లు. పాత నంబరు ఉన్న మేరకే, సాలెగూడు పోగుల్లా సన్నగా. రెండు చేతులతో పక్కల నుంచి హెల్మెట్‌ను ఒత్తాను. బాగున్నదైతే చప్పుడు లేకుండా లోపలికి వంగి, వదలగానే వెనక్కి వస్తుంది. ఇది కిర్రుమంది. ఇంకొంచెం గట్టిగా ఒత్తితే ఒక పగులు నా కళ్ల ముందే అర అంగుళం పాకింది.

ఏబీఎస్‌కు థిన్నర్ పడదు. అందులో ఉండే అసిటోన్, టోలుయిన్ లాంటివి ప్లాస్టిక్‌ను మెత్తబరిచి దాని బలం తీసేస్తాయి. పైకి బాగానే కనిపిస్తుంది, దెబ్బ తగిలినప్పుడు బయటపడుతుంది. పెయింట్, పెట్రోలు, థిన్నర్ తగలనివ్వొద్దని, సబ్బు నీళ్లతోనే కడగాలని పెట్టెలో వచ్చిన కాగితం మీద రాసే ఉంది. ఆ కాగితం మొదటి రోజు నుంచీ నా సొరుగులోనే ఉంది.

అన్నీ చూస్తే తొమ్మిదింటికి పగుళ్లు కనిపించాయి. నేను 22 తీసేద్దామన్నాను. "పాడైనవి తొమ్మిదే కదా" అన్నాడు బావ. "మిగతా పదమూడింటిలో నీకు నచ్చింది పెట్టుకో, నేను పైనుంచి ఇటుక వదులుతాను" అన్నాను. ఆ తర్వాత రెండు రోజులు మాటల్లేవు. మొత్తం 22 కట్టర్‌తో రెండేసి ముక్కలు చేయించాను. ఊరికే చెత్తలో పడేస్తే మళ్లీ ఎవరో ఒకరు తీసి తలకు పెట్టుకుంటారు.

తర్వాత తెప్పించిన వాటికి ముందు వైపు అరచేతిలో సగం ఉండే లోగో ఒక్కటే, అదీ తయారీదారు దగ్గరే వేయించాం. నంబరు లేదు. వెనక చిన్న స్టిక్కర్ మీద మనిషి పేరు, వాడకం మొదలుపెట్టిన నెల. పగుళ్లు చాలావరకు అంచు దగ్గరే మొదలవుతాయి, స్టిక్కర్ ఉంటే కనపడవు. అందుకే దాన్ని అంచుకు బొటనవేలంత ఎడంగా అంటించాం. ఈ పేరు సంగతి ఏదో లెక్క కోసం పెట్టింది. కానీ పేరు పడ్డాక హెల్మెట్ల మీద కూర్చోవడం ఆగిపోయింది. వాటితో కంకర ఎత్తడం కూడా. చెమట పట్టీ విప్పి ఉతుక్కునేవాళ్లు తయారయ్యారు. నేను నెలల తరబడి అరిచినా జరగనిది.

కొత్తగా వచ్చే హెల్పర్ల కోసం హెచ్‌డీపీఈ అనే ఇంకో ప్లాస్టిక్ రకం కూడా కొన్ని ఉంచాం. వాటి మీద స్టిక్కర్ నిలవదు. నాలుగు రోజులకే మూలలు లేచి దుమ్ము పడుతుంది. సిరా కూడా ముందుగా మంటతోనో మరోలాగో పైభాగాన్ని సిద్ధం చేస్తే తప్ప పట్టదు. విచిత్రమేంటంటే థిన్నర్ కూడా వాటిని అంత తొందరగా ఏమీ చేయలేదు. పేరు అంటదు, పాపమూ అంటదు.

మొదట్లో నేను తెగ పొగిడిన నాబ్ గురించి కూడా చెప్పాలి. చేతి తొడుగులు తీయకుండానే బిగించుకోవచ్చు, ఆ మాట నిజమే. సిమెంటు పాలు లోపలికి పోయి గట్టిపడితే మాత్రం కదలదు. మా దగ్గర ఏడు అలా బిగుసుకుపోయాయి. లోపలి పట్టీలు ఎలాగూ ఏడాదికోసారి మార్చమంటారు కాబట్టి నాబ్‌తో సహా సెట్టు మొత్తం మార్చేశాం. అవి విడిగా దొరకని మోడల్ అయితే ఈ సుఖం కోసం కొనకండి, పట్టీ రంధ్రాల్లో పిన్ను నొక్కి బిగించుకునే పాత రకమే నయం.

మాకు స్థిరంగా ఉండే మనుషులు ఎక్కువ, పని ఎక్కువగా ఆరుబయటే. రోజుకో కొత్త ముఖం వచ్చే చోట పేర్ల పద్ధతి నడుస్తుందని నేను చెప్పలేను. కరెంటు పని ఉన్నవాళ్లు వేరే లెక్కలు చూసుకోవాలి. నేనైతే మళ్లీ ఇవే కొంటాను, బావ ఊళ్లో లేనప్పుడు.

థిన్నర్ బారిన పడని మిగతా 14 మీద పాత నంబరు ఇంకా అలాగే ఉంది. మొన్న ఒకరోజు దానికి ఫోన్ చేసి చూశాను. ఎవరో పెద్దావిడ ఎత్తింది. ఇల్లు కట్టించుకోవాలని ఎవరైనా చేశారా అమ్మా అని అడిగాను. ఇంతవరకూ ఒక్కరూ చేయలేదంది.