పోలీసు కాల్పుల్లో మరణం: కమిషన్‌కు ఫిర్యాదా, హైకోర్టులో రిట్టా?

విశాఖలో పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే, కుటుంబం ముందున్న మొదటి దారి జాతీయ మానవ హక్కుల కమిషన్. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఫిర్యాదు తెలుగులోనే రాయొచ్చు. గడువు ఏడాది. అయితే కమిషన్ చేసేది సిఫారసే; ఎక్కువగా పరిహారం దగ్గర ఆగుతుంది.

రెండోది, అమరావతిలోని హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్, అంటే అధికారులకు ఆదేశమివ్వమని కోరే పిటిషన్. ఖర్చూ తిరుగుడూ తప్పవు, కానీ వచ్చేది ఆదేశం. శవం కేజీహెచ్ (విశాఖ ప్రభుత్వాసుపత్రి) మార్చురీలో ఉండగానే కదలాలి. తూటా రంధ్రం చుట్టూ మసి, తుపాకి మందు చుక్కలు ఉంటే దగ్గర నుంచి కాల్చారనడానికి ఆనవాలు. దహనం చేశారా, రీ-పోస్టుమార్టం మాటే ఉండదు. 2019లో దిశ నిందితుల కేసులో తెలంగాణ హైకోర్టు ఆదేశంతోనే ఎయిమ్స్ డాక్టర్లు రెండోసారి పోస్టుమార్టం చేశారు. చొక్కా ఉతక్కండి, ఆరబెట్టి కాగితం సంచిలో దర్యాప్తు అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి.

పోలీసు కాల్పుల మరణాలపై సుప్రీంకోర్టు ఇచ్చిన 2014 పీయూసీఎల్ తీర్పు ప్రకారం ఎఫ్ఐఆర్, సీఐడీ లేదా వేరే స్టేషన్ బృందం దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ, ఇద్దరు డాక్టర్ల పోస్టుమార్టం, దానికి వీడియో తప్పనిసరి. ఇవి జరగకపోతే విశాఖలోనే సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేయొచ్చు. ఈ మూడో దారి చాలామందికి తెలీదు.

తొందరుంటే రిట్టే మేలు. కోర్టులో నడుస్తున్న వ్యవహారాన్ని కమిషన్ మామూలుగా ముట్టుకోదు, వరస చూసుకోండి.