వూచ్ లోగిళ్లలో యాంకెలె పాట

పోలండ్ వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది వార్సా, క్రాకోవ్ చూసి, నాజీల చావు శిబిరం ఆష్విట్స్‌కి ఒక పూట కేటాయించి వెనక్కి వచ్చేస్తారు. వూచ్ ఎవరి ప్లాన్‌లోనూ ఉండదు. (మ్యాపుల్లో మనం లోడ్జ్ అని చదువుకునే ఊరే ఇది. స్టేషన్లో అడిగేటప్పుడు మాత్రం వూచ్ అనండి.) ఒకప్పుడు బట్టల మిల్లులతో వెలిగిన ఊరు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇక్కడ రెండు లక్షల పైచిలుకు యూదులు ఉండేవారు, అంటే ఊళ్లో మూడోవంతు జనం.

నేను వెళ్లింది ఒక పాటగాడి కోసం. పేరు యాంకెలె హెర్ష్కోవిచ్. 1910లో ఒపాటూవ్ అనే చిన్న పట్నంలో పుట్టాడు. వృత్తి దర్జీ పని. బవూటి అనే పేదల పేటను జర్మన్లు కంచె వేసి, యూదుల్ని బంధించే గెట్టోగా మూసేసినప్పుడు ఆయనా అందులో చిక్కుకున్నాడు. చుట్టూ ఆకలి చావులు, తలెత్తితే తుపాకీ. అలాంటి చోట వీధి మధ్యలో నిలబడి, గెట్టోని నడిపించే పెద్దమనిషి మీదే పాటలు కట్టి, ఆయన పేరు పెట్టి మరీ పాడాడు. బతికి బయటపడినవాళ్లు ఇజ్రాయెల్‌లో, అమెరికాలో స్థిరపడి నలభై ఏళ్లు గడిచాక కూడా ఆ పాటలు నోటికి పాడేవారు. అలా కొన్ని మిగిలాయి.

వార్సాలో ఉద్యోగం చేస్తున్న మా పెద్దమ్మ కూతురు తోడు వచ్చింది. అక్కకి పోలిష్ బాగానే వచ్చు కాబట్టి సగం పనులు తేలికయ్యాయి. వార్సా నుంచి రైలు గంటన్నర అటూఇటూ. వూచ్ ఫాబ్రిచ్నా స్టేషన్‌లో దిగడం మేలు. 2016లో కొత్తగా తెరిచిన భూగర్భ స్టేషన్ అది. శుభ్రంగా ఉంది, లిఫ్టులు పనిచేస్తున్నాయి, సామాను పెట్టుకోవడానికి లాకర్లు ఉన్నాయి. బయటికి రాగానే ట్రాములు. టికెట్ నిమిషాల లెక్కన ఉంటుంది. ఎక్కగానే మెషిన్లో గుద్దించుకోవాలి, లేకపోతే జరిమానా.

బసకి రెండు దారులున్నాయి. ప్యోత్ర్కోవ్స్కా వీధి నాలుగు కిలోమీటర్ల పైన సాగే ఊరి ప్రధాన వీధి. అక్కడ అపార్ట్‌మెంట్లు చవగ్గా దొరుకుతాయి, కింద హోటళ్లు, కాఫీ షాపులు. ఎక్కువ భాగం నడిచేవాళ్లకే వదిలేశారు, సైకిల్ రిక్షాలు కూడా తిరుగుతాయి. రెండోది మనూఫక్తూరా వైపు. పొజ్నాన్‌స్కీ అనే యూదు మిల్లు యజమాని కట్టిన ఎర్ర ఇటుకల మిల్లుల సముదాయాన్ని ఇప్పుడు షాపింగ్ కేంద్రంగా మార్చారు. పాత నూలు మిల్లు భవనం ఒకటి పెద్ద హోటల్ అయింది. గదులు బాగుంటాయట, ధర కూడా దానికి తగ్గట్టే. మేం ప్యోత్ర్కోవ్స్కాలో లోపలి లోగిలికి ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. రాత్రి బయటి వీధి హోరు వినబడదు. లిఫ్టు లేదు, మెట్లు ఎత్తు, పెద్దవాళ్లతో వెళ్తే ఇది చూసుకోండి. బవూటి ఇక్కడి నుంచి ట్రాములో దగ్గరే.

ఇక బవూటి.

మొదట ఆన్‌లైన్లో ఒక గైడెడ్ టూర్ బుక్ చేశాం. పేరెందుకులెండి, డబ్బులు దండగ. వ్యాన్లో తిప్పి, ప్రతి చోటా ఫొటోకి దించి, మళ్లీ ఎక్కించేశారు. హెర్ష్కోవిచ్ గురించి అడిగితే ఆయన పేరే విననట్టు చూశాడు గైడు. ఈ పేటని వ్యాను కిటికీలోంచి చూస్తే ఏమీ అంటదు, నడవాలి. మర్నాడు మేమిద్దరమే మ్యాపు పట్టుకుని బయల్దేరాం. అదే అసలు యాత్ర.

గెట్టో హద్దుల్ని చాలాచోట్ల కాలిబాట మీదే గుర్తు పెట్టారు: ‘లిట్స్‌మన్‌ష్టాట్ గెట్టో 1940–1944’ అని. జర్మన్లు ఊరికి పెట్టిన పేరు అది. 1940 ఏప్రిల్ 30న మూసేసేనాటికి నాలుగు చదరపు కిలోమీటర్ల చోటులో లక్షా అరవై వేల పైచిలుకు జనం. మురుగు కాలువల వ్యవస్థ దాదాపు లేని పేట కావడంతో వార్సాలో లాగా భూగర్భం నుంచి తిండి దొంగచాటుగా తెచ్చుకునే దారి కూడా లేదు. బయటి డబ్బు చెల్లదు, గెట్టోకి వేరే నోట్లు. రేడియో దాచుకుంటే ప్రాణానికే ముప్పు. జ్గ్యెర్స్కా వీధిని మాత్రం గెట్టోలోంచి మినహాయించారు. బయటివాళ్ల ట్రాములు దాని మీద తిరిగేవి. ఇటు నుంచి అటు వెళ్లాలంటే యూదులు చెక్క వంతెనలు ఎక్కి దిగాలి. ఇప్పుడు ఆ వంతెనలు లేవు, ట్రాములు మాత్రం అదే వీధిలో నడుస్తున్నాయి. కొష్చెల్నీ కూడలిలో జంట శిఖరాల ఎర్ర చర్చి కనిపిస్తుంది. అప్పట్లో అది పూజలు లేని గోదాము. చంపడానికి పంపినవాళ్ల బట్టలూ, పరుపుల్లోని ఈకలూ అందులో పోగేసేవారు. ఆ సంగతి తెలిసి చర్చి ముందు నిలబడితే కాలు ముందుకు పడదు.

గెట్టో లోపలి పాలనకి ఒక యూదు మండలిని పెట్టి, దాని పెద్దగా ఖయిమ్ రుమ్కోవ్స్కీని నియమించారు జర్మన్లు. అంతకుముందు అనాథాశ్రమం నడిపిన మనిషి. తెల్లజుట్టు, చుట్టూ కాపలా, గుర్రపు బండిలో తిరుగుడు. తన జనం జర్మన్లకి పనికొస్తే బతుకుతారన్నది ఆయన లెక్క. అందుకే పేటంతా కుట్టుపని కార్ఖానాలు పెట్టించాడు. 1942 సెప్టెంబర్ 4న జనం ముందు నిలబడి, తల్లిదండ్రుల్ని తమ పిల్లల్ని అప్పగించమని అడిగింది కూడా ఆయనే. ఆ వారంలో 15,000 మందికి పైగా, పదేళ్ల లోపు పిల్లలూ ముసలివాళ్లూ రోగులూ, హెల్మ్నో చావు శిబిరానికి పోయారు. ఆయన తప్పొప్పుల మీద ఇప్పటికీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి.

హెర్ష్కోవిచ్ పాటల్లో పేరొందినది ‘రుమ్కోవ్స్కీ ఖయిమ్’. తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లో, అందరికీ తెలిసిన బాణీల ధోరణిలో. ఖయిమ్ మనకి తవుడు ఇస్తాడు, గంజికి గింజలు ఇస్తాడు అని మొదలవుతుంది పొగడ్త. అది పొగడ్త కాదని వింటున్నవాడి ఖాళీ కడుపుకి తెలుసు. అదే పాటలో శ్మశానం చూసుకునే ఇంకో ఖయిమ్ వస్తాడు. ఆయన మృత్యుదూతతో బేరం కుదుర్చుకుని శవాలు తెప్పించుకుంటున్నాడట! పక్కన రోజెన్‌ట్స్వైగ్ అనే పాత ట్రావెలింగ్ సేల్స్‌మన్ తీగవాద్యం వాయించేవాడు. మన బుర్రకథలో హాస్యగాడి పక్కన రాజకీయం దొర్లినట్టు, నవ్విస్తూనే ఊళ్లో వార్త చెప్పేసేవారు వీళ్లిద్దరూ. పత్రిక లేని, రేడియో లేని చోట వార్తకి అదే దిక్కు. గెట్టోలోని రికార్డుల విభాగంవాళ్లు రోజూ రాసుకున్న దినచర్యలో 1941 డిసెంబర్ నాటికే ఈ పాట ప్రస్తావన ఉంది. పాట విని రుమ్కోవ్స్కీయే 5 మార్కులు ఇచ్చాడనీ, పస్కా పండగ ముందు రొట్టెల పొట్లం ఇచ్చాడనీ అందులో రాశారు. తనని తిట్టినవాడికి దానమిచ్చిన పాలకుడూ, ఆ డబ్బు తీసుకుని మర్నాడు మళ్లీ అదే పాట పాడినవాడూ, ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడిన క్షణం గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం నేనూ అక్కా.

1941 శరదృతువులో బెర్లిన్, వియన్నా, ప్రాగ్‌లాంటి చోట్ల నుంచి 20,000 మంది యూదుల్ని తెచ్చి ఇక్కడ కుక్కారు. మంచి కోట్లు, తోలు సంచులు పట్టుకుని దిగిన ఆ పట్నవాసుల మీద హెర్ష్కోవిచ్ ఇంకో పాట కట్టాడు: సంచి చేతపట్టి వెన్న కోసం, కనీసం మార్గరిన్ కోసం తిరుగుతున్న జర్మన్ యూదుడి గురించి. చివరికి ఆ మనిషికి దొరికేది మరీషిన్‌కి వీసా. గెట్టో శ్మశానం ఆ మరీషిన్‌లోనే. పాట విని మొదట నవ్వొస్తుంది, తర్వాత ఆగిపోతుంది.

ఇవన్నీ చదివే వెళ్లాం. అయినా బవూటి లోగిలిలోకి అడుగు పెట్టినప్పుడే నాకు విషయం పట్టుబడింది. ఇక్కడి పాత ఇళ్లకి వీధివైపు ఒక కమాను గేటు ఉంటుంది. దాన్ని దాటితే నాలుగు వైపులా మూడు నాలుగు అంతస్తుల గోడలు, మధ్యలో బావిలాంటి ఖాళీ. పెచ్చులూడిన గోడలు, ఒక మూల చెత్త డబ్బాలు, ఇంకో మూల తివాచీలు వేలాడదీసి దులుపుకోవడానికి పాతిన ఇనప చట్రం. ఒకావిడ మూడో అంతస్తు కిటికీలోంచి కింద ఉన్న పిల్లాడితో మాట్లాడుతోంది, గొంతు పెంచాల్సిన పని లేకుండానే. “విన్నావురా? ఇక్కడ ఒక మనిషి పాడితే వంద ఇళ్లకి వినిపిస్తుంది” అంది అక్క. హెర్ష్కోవిచ్‌కి మైకూ అక్కర్లేదు, వేదికా అక్కర్లేదు. ఒక స్టూలు మీద నిలబడితే చాలు, జనం కిటికీల్లోంచే వినేవారు. 1960లలో ఆయన స్వయంగా పాడగా చేసిన రికార్డింగు ఉంది. అది ఇయర్‌ఫోన్స్‌లో చెరోవైపు పెట్టుకుని అక్కడే విన్నాం. బొంగురు గొంతు, తడబాటు లేదు. ఇవి జనం కాపురముంటున్న ఇళ్లు కాబట్టి లోపలికి వెళ్లేటప్పుడు నెమ్మదిగా వెళ్లండి, కిటికీల వైపు కెమెరా తిప్పకండి.

పేటలో అక్కడక్కడ ఇళ్ల గోడల మీద గెట్టో పిల్లల ముఖాలు బూడిద రంగులో గీశారు. పెద్ద స్మారకాలకన్నా ఇవే నాకు బలంగా తగిలాయి. బవూత్స్కీ రినెక్ అనే కూడలిలో ఇప్పుడు కూరగాయల సంత నడుస్తోంది. గెట్టో పాలన కార్యాలయాలు ఉన్న చోటు ఇది. ఆపిల్స్ కొనుక్కోండి, బాగున్నాయి.

రాడెగాస్ట్ స్టేషన్ ఊరి ఉత్తరాన ఉంది. ట్రాము, తర్వాత కొంత నడక. ప్రవేశం ఉచితం. పాత చెక్క స్టేషన్ భవనం, అప్పటి సరుకు పెట్టెలు, పక్కన పొడవాటి సిమెంటు సొరంగం. సొరంగం గోడల నిండా రవాణా జాబితాల ప్రతులు, టైపు చేసిన పేర్ల వరుసలు. పేరు, పుట్టిన ఏడు, వృత్తి. దర్జీ అన్న వృత్తి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. 1944 ఆగస్టులో గెట్టోని ఖాళీ చేసి 60,000 మందికి పైగా జనాన్ని ఇక్కణ్నుంచే ఆష్విట్స్‌కి పంపారు. రుమ్కోవ్స్కీ కుటుంబమూ అందులోనే పోయింది. హెర్ష్కోవిచ్ కూడా ఇక్కడే రైలెక్కాడు కానీ బతికాడు. ఆష్విట్స్ నుంచి జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పని శిబిరానికి పంపారు. యుద్ధం ముగిశాక చాలామంది పోలండ్ వదిలిపోతుంటే ఆయన మళ్లీ వూచ్‌కే వచ్చాడు.

యూదుల శ్మశానం ఇక్కడికి దగ్గరే. 1892 నాటిది, 40 హెక్టార్లు, లక్షన్నరకి పైగా సమాధులు. శనివారం మూసేస్తారు, ఇది మర్చిపోతే యాత్ర చెడుతుంది. కొద్దిపాటి టికెట్ ఉంటుంది, మగవాళ్లు తల కప్పుకోవాలి. పొజ్నాన్‌స్కీ సమాధి మందిరం ఒక చిన్న గుడంత ఉంది, కప్పు లోపల మొజాయిక్. అందరూ అక్కడే ఫొటోలు దిగుతారు. కాసేపు చూసి గెట్టో పొలం అనే భాగానికి వెళ్లండి. ఆకలితో, జబ్బులతో గెట్టోలో పోయిన 40,000 మందికి పైగా జనాన్ని అక్కడ పాతిపెట్టారు. చాలావాటికి చిన్న గుర్తు తప్ప రాయి లేదు. గోడ పక్కన పెద్ద గుంతలు కనిపిస్తాయి. ఖాళీ అయిన గెట్టోని ఊడ్చి శుభ్రం చేయడానికి చివర మిగిల్చిన కొన్ని వందల మందిని కాల్చి పూడ్చడానికి వాళ్ల చేతే తవ్వించినవి. 1945 జనవరి 19న సోవియట్ సేన రావడంతో గుంతలు ఖాళీగా మిగిలిపోయాయి. నేల తడిగా, గడ్డి ఎత్తుగా ఉంటుంది, మంచి బూట్లు వేసుకోండి.

ప్రాణాలతో మిగిలినవాళ్ల పార్కు (పార్క్ ఒత్సలావిహ్) ప్రశాంతమైన చోటు. బతికి బయటపడినవాళ్లు తమ పేరున నాటిన చెట్లు అక్కడ పెరుగుతున్నాయి. పక్కనే, వార్సా గెట్టో తిరుగుబాటు నాయకుల్లో ఒకరైన మారెక్ ఎడెల్మన్ పేరిట సంభాషణ కేంద్రం, ఎగ్జిబిషన్లు మారుతుంటాయి, సిబ్బంది ఓపిగ్గా మాట్లాడతారు. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది. మనూఫక్తూరా మాల్‌కి సాయంత్రం చాలు, లేకపోయినా నష్టం లేదు. తిండికి మిల్క్ బార్లు అనే సాదా భోజనశాలలు ఉన్నాయి, చవక. బంగాళాదుంప, పన్నీరు కూరి కజ్జికాయల్లా చేసి ఉడికించే పియెరోగి శాకాహారులకి సరిపోతుంది, పైన వేయించిన కొవ్వు వేయొద్దని ముందే చెప్పాలి. జలేవైకా అనే పుల్లటి సూపు ఈ ప్రాంతపు వంటకం, అందులో సాసేజ్ వేస్తారు.

1968లో పోలండ్ ప్రభుత్వమే యూదు వ్యతిరేక ప్రచారం మొదలుపెడితే మిగిలిన కొద్దిమందిలో చాలామంది దేశం వదిలారు. హెర్ష్కోవిచ్ వదల్లేదు. వినేవాళ్లు, ఆ భాష అర్థమయ్యేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 1972లో ఆయన తన ప్రాణం తనే తీసుకున్నాడు. గెట్టోలో జనానికి ఊపిరిచ్చిన గొంతు శాంతికాలంలో ఒంటరిదైపోయిందంటే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మేం తిరిగిన దారుల్లో ఆయన పేరున్న ఫలకం ఏదీ కనబడలేదు. గోడల మీద అంత చక్కగా బొమ్మలు వేసుకున్న ఊరు ఒక గోడ ఆయనకీ ఇవ్వాలి.

మీరు వెళ్తే వ్యాను టూర్లు వద్దు. స్థానిక గైడుల్లో నడిపించి చూపేవాళ్లు దొరుకుతారు. బుక్ చేసే ముందు ఒక్క మాట అడగండి: యాంకెలె హెర్ష్కోవిచ్ ఎక్కడెక్కడ పాడేవాడో చూపిస్తారా అని. జవాబు చెప్పగలిగినవాళ్లకే డబ్బు ఇవ్వండి.