పశువు లేని రైతుకు ఆసరా: మా పక్క ఊరి ఎన్‌పీఎం దుకాణం

రెండెకరాల వరి తప్ప ఇంట్లో పశువన్నది లేని నాబోటి రైతుకు ప్రకృతి వ్యవసాయంలోకి మారాలన్న కోరిక ఎంత ఉన్నా, అడ్డంకి పేడ, మూత్రం దగ్గరే మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ ఫౌండేషన్ పురస్కారాన్ని మరో ఇద్దరితో పంచుకుంది. నా చేను దాకా దాన్ని తెచ్చింది మాత్రం పక్క ఊళ్లో మహిళా సంఘం సభ్యురాలు ఒకామె తన ఇంటి వసారాలో నడుపుతున్న ఎన్‌పీఎం (రసాయన పురుగుమందులు లేని సాగు) దుకాణమే. గత ఖరీఫ్ అంతా నేను అక్కడే కొన్నాను.

పేడ, మూత్రంతో చేసి ఆరబెట్టిన ఎరువు ఘన జీవామృతం బస్తాల్లోను, పురుగుల మీద చల్లే కషాయాలు క్యాన్లలోను దొరుకుతాయి. ద్రవ జీవామృతం పెరట్లో వేపచెట్టు నీడన, గోనెపట్టా కప్పిన డ్రమ్ములో ఉంటుంది. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవు పేడ, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, ఆవు మూత్రం కలిపి 48 గంటలు పులియబెడతారు. పట్టా తీసి కర్రతో కలుపుతుంటే నురగతో పాటు పులిసిన బెల్లం వాసన పైకి వస్తుంది. ఎకరానికి ఒక డ్రమ్ము సరిపోతుంది.

ఈ దుకాణంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆమె ఇచ్చే సలహా. నేను వేపాకు కషాయమైన నీమాస్త్రం కావాలని వెళ్లిన రోజున, “ముందు ఆకు పట్టుకుని రండన్నా, చూసి చెబుతాను” అని వెనక్కి పంపారు. ముడుచుకున్న ఆకును విప్పి లోపలి పచ్చటి పురుగును చూపించి, ఇది రసం పీల్చే దోమ కాదు, ఆకుముడత పురుగు కాబట్టి పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకులను ఆవు మూత్రంలో ఉడికించి తీసిన అగ్నాస్త్రమే వాడాలని చెప్పారు. అడిగింది ఇచ్చి డబ్బు తీసుకునే పద్ధతికి అలవాటుపడిన నాకు ఇది కొత్త.

లోపాలూ చెప్పాలి. వారం దాటితే పనికిరాని ద్రవ జీవామృతం క్యాన్ మీద తయారుచేసిన తేదీ లేదు. ఒకసారి కుళ్లు వాసన వస్తున్నది ఇంటికి తెచ్చుకున్నాను. అడగగానే మార్చి ఇచ్చారు గానీ, నాట్ల వేళ రెండు రోజులు నష్టపోయాను. వాన పడగానే అందరూ ఒక్కసారే రావడంతో సరుకు చాలదు కనుక, మూడు రోజుల ముందే చెప్పి, సొంత క్యాన్ తీసుకెళ్లడం మంచిది.

అసలు బాధ పంట చేతికొచ్చాక ఎదురైంది. రసాయనం పడని నా ధాన్యాన్ని మిల్లులో మామూలు ధాన్యంతోనే కలిపి, అదే ధర కట్టారు. జీవ వనరుల మీద నడిచే ఆర్థిక వ్యవస్థకు రైతు మారాలంటే ఎరువు దగ్గర అందిన తోడు అమ్మకం దగ్గరా అందాలి. అది దుకాణం నడిపే ఆమె చేతిలో లేదు. అయినా ఈ రబీలో కూడా నేను అక్కడే కొంటాను. కొత్తగా మొదలుపెట్టేవారు అరెకరంతో ఆరంభించి, ఆకు చేతబట్టుకుని వెళ్లండి.