నవ్వులు ఆపి చూసిన ‘మ్యాష్’: తొలి సీజన్ డీవీడీపై సమీక్ష

అమెరికాలోని సీబీఎస్ నెట్‌వర్కులో 1972 సెప్టెంబరు 17న ప్రసారం మొదలైన ‘మ్యాష్’ ధారావాహిక తొలి సీజన్‌ను, 24 ఎపిసోడ్లను మూడు డిస్కుల్లో సర్ది, 2002లో డీవీడీగా విడుదల చేశారు. చాలా ఏళ్లుగా మా ఇంట్లో ఉన్న ఆ సెట్టును మొదటి నుంచి చివరి దాకా చూసినవారమూ ఉన్నాము, భోజనాల వేళ ఏదో ఒక ఎపిసోడ్ పెట్టుకుని సగంలో లేచి వెళ్లినవారమూ ఉన్నాము. ఇన్నేళ్ల వాడకం తరువాత, దీనిని కొనదలచినవారికి నేను మొట్టమొదట చెప్పేది బొమ్మ నాణ్యత గురించి కాదు, ఆడియో మెనూలో ఉన్న ఒక చిన్న సదుపాయం గురించి: టీవీ ప్రసారంలో వినిపించిన నేపథ్యపు నవ్వులను పూర్తిగా తీసేసి చూసే వీలు ఇందులో ఉంది.

కథ కొరియా యుద్ధ కాలానిది. యుద్ధరంగానికి దగ్గరలో డేరాలు వేసుకుని పనిచేసే 4077వ సంచార సైనిక శస్త్రచికిత్సాలయంలో (ఇంగ్లిషులో దాని పేరులోని పొడి అక్షరాలే ‘మ్యాష్’), బలవంతపు సైనిక సేవకు వచ్చిన హాకై పియర్స్, ట్రాపర్ జాన్ అనే ఇద్దరు సర్జన్లు పగలూ రాత్రీ గాయపడినవారికి ఆపరేషన్లు చేస్తూ, మిగిలిన సమయమంతా తమ డేరాలోనే కాచుకున్న సారాయితోనూ, పై అధికారులను ఏడిపించడంతోనూ గడుపుతారు. హాకైగా ఆలన్ ఆల్డా, ట్రాపర్‌గా వేన్ రోజర్స్, చేతకాని మంచివాడైన కల్నల్ హెన్రీ బ్లేక్‌గా మెక్లీన్ స్టీవెన్‌సన్, హెలికాప్టర్ల చప్పుడు అందరికంటే ముందే వినగలిగే గుమస్తా రేడార్‌గా గ్యారీ బర్గాఫ్ నటించారు. యుద్ధం మూడేళ్లు సాగితే ధారావాహిక పదకొండేళ్లు సాగింది. ఆ యుద్ధానికి మన దేశం పోరాడే దళాలను కాక 60వ పారాచ్యూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ అనే వైద్యదళాన్ని, లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో పంపిందని తెలిసిన తెలుగువారికి, ఈ డేరా ఆసుపత్రి మరీ పరాయిదిగా అనిపించకపోవచ్చు.

ఇక నవ్వుల సంగతి. ఇది ప్రేక్షకుల ముందు వేదికపై ఆడిన కార్యక్రమం కాదు. సినిమాలాగా ఒకే కెమెరాతో, ఫాక్స్ స్టూడియోలోనూ, కాలిఫోర్నియాలోని మాలిబు కొండల్లోనూ చిత్రీకరించినది. అందువల్ల మనకు వినిపించే ప్రతి నవ్వూ ఎక్కడో రికార్డు చేసి తరువాత అతికించినదే. ధారావాహికను రూపుదిద్దిన లారీ గెల్బార్ట్‌కు, నిర్మాత జీన్ రేనాల్డ్స్‌కు అది ఇష్టం లేకపోయినా, నెట్‌వర్కు పట్టు వీడలేదు. ఆపరేషన్లు జరిగే దృశ్యాల్లో మాత్రం నవ్వులు ఉండకూడదన్న ఒక్క రాయితీ దక్కింది. బ్రిటన్‌లో బీబీసీ నవ్వులు లేకుండానే ప్రసారం చేసిందంటే, అక్కడివారికి ఆనాడే దొరికినది మిగతావారికి దాదాపు ముప్పై ఏళ్ల తరువాత ఈ డిస్కుల్లో దొరికిందన్నమాట.

రెండు విధాలుగానూ చూసినవాడిగా నేను గమనించినది ఏమిటంటే, నవ్వులు ఉన్నప్పుడు ఈ కథకు రెండు లోకాలుంటాయి. డేరాల్లో జరిగేది తమాషా, ఆపరేషన్ బల్ల దగ్గర జరిగేది నిజం. నవ్వులు ఎక్కడ ఆగిపోయాయో అక్కడ మనం గంభీరంగా మారాలని ముందే హెచ్చరిక అందుతుంది. నవ్వులు తీసేసినప్పుడు ఆ హద్దు చెరిగిపోయి, రక్తపు చేతి తొడుగులతో హాకై వేసే ఛలోక్తీ, గ్లాసు పట్టుకుని వేసే ఛలోక్తీ ఒకే గొంతులో వినిపిస్తాయి. రెండూ నిద్ర లేని మనిషి మాటలేనని అప్పుడు తెలుస్తుంది. ఆల్డా సంభాషణను ఎంత నెమ్మదిగా, దాదాపు తనలో తాను అనుకున్నట్టుగా పలుకుతాడో కూడా నవ్వుల హోరు పోయాకనే గమనించగలిగాను.

అయితే ఇది అన్ని ఎపిసోడ్లకూ మేలు చేయదు. శిబిరంలోని మరో సర్జన్ ఫ్రాంక్ బర్న్స్, ప్రధాన నర్సు మార్గరెట్ హూలిహన్‌ల దొంగచాటు ప్రేమ మీద తొలి ఎపిసోడ్లలో వేసిన హాస్యం, నర్సుల వెంటపడే దృశ్యాలు, మొదటి ఎపిసోడ్‌లో ఒక నర్సుతో వారాంతపు విహారాన్ని లాటరీ బహుమతిగా పెట్టడం వంటివి నిశ్శబ్దంలో చాలా పలచగా, కొన్నిచోట్ల మొరటుగా కనిపిస్తాయి. ఆ లాటరీ ఉద్దేశం కొరియా కుర్రవాడు హో-జాన్‌ను అమెరికాలో చదివించడమే కావచ్చు గానీ, ఇవాళ కుటుంబంతో కూర్చుని చూసేవారికి ఇబ్బంది తప్పదు. నల్లజాతి సర్జన్ పాత్రకు పెట్టిన మారుపేరే ఒక జాతి దూషణ. ఆ పాత్ర సీజన్ మధ్యలో ఒక్క మాటైనా చెప్పకుండా మాయమైపోవడం మరింత అసంతృప్తి కలిగిస్తుంది. అమెరికన్ సార్జెంటు ఒకడు కొరియా అమ్మాయిని డబ్బిచ్చి కొని పనిమనిషిగా ఉంచుకున్న కథలో మాత్రం ఈ ధారావాహిక తన చుట్టూ ఉన్నవారిని మనుషులుగా చూడడానికి ప్రయత్నించింది, పూర్తిగా నెగ్గిందని అనలేను.

నవ్వులు ఉన్నా లేకున్నా నిలబడే ఎపిసోడ్లలో నాకు ముందుగా గుర్తుకొచ్చేది ‘టటిల్’. అనాథాశ్రమానికి సరుకులు ఇప్పించడానికి హాకై లేని కెప్టెన్‌ను ఒకరిని కాగితాల మీద పుట్టిస్తాడు. ఆ కాగితపు మనిషికి జీతం వస్తుంది, పేరు వస్తుంది, చివరికి జనరల్ పతకం ఇవ్వబోతే అతనిని చంపేయక తప్పని పరిస్థితి వస్తుంది. సంతకం ఉంటే మనిషి ఉన్నట్టే అనే కార్యాలయాలతో పని పడినవారెవరికైనా ఇది వివరించనక్కరలేదు. ఆల్డా స్వయంగా రాసిన మరో ఎపిసోడ్‌లో, చలికి వేసుకునే ఒక్క పొడుగు లోదుస్తు చేతులు మారుతూ శిబిరమంతా తిరుగుతుంది. దాని వేగానికి నవ్వులు అడ్డు తగులుతాయనే నా అభిప్రాయం.

కానీ ఈ సెట్టును మళ్లీ మళ్లీ తీయించేది 1973 జనవరి 28న ప్రసారమైన ‘సమ్‌టైమ్స్ యు హియర్ ద బుల్లెట్’. వియత్నాం యుద్ధాన్ని ఆపే పారిస్ ఒప్పందం మీద సంతకాలు అంతకు ముందురోజే జరిగాయని తెలిసి చూస్తే దాని బరువు వేరుగా ఉంటుంది. హాకై చిన్ననాటి స్నేహితుడు, యుద్ధం గురించి పుస్తకం రాయడానికి సైనికులతో కలిసి తిరిగేవాడు, నవ్వుతూ వచ్చి వెళ్లి, తరువాత స్ట్రెచర్ మీద వచ్చి హాకై చేతుల్లోనే చనిపోతాడు. యుద్ధంలో కుర్రవాళ్లు చనిపోతారన్నది మొదటి నియమమనీ, ఆ నియమాన్ని డాక్టర్లు మార్చలేరన్నది రెండవదనీ హెన్రీ అతనితో అంటాడు. అంతవరకూ విదూషకుడిలా కనిపించిన కల్నల్ ఆ మాట అనడమే ఆ దృశ్యానికి బలం. వయసు దాచి సైన్యంలో చేరిన కుర్రవాడిగా రాన్ హోవర్డ్ నటించిన ఉపకథ ఆ తరువాత ఎటు తిరుగుతుందో ఇక్కడ చెప్పను.

డిస్కుల సంగతి క్లుప్తంగా. బొమ్మ పాత టీవీ కొలతలోనే, ఇరుపక్కలా నల్లపట్టీలతో వస్తుంది; రేణువులు కనిపిస్తాయి, బయట తీసిన దృశ్యాల్లో రంగులు కొంత వెలిసినట్టుంటాయి, నాకు అది లోపంగా తోచలేదు. పునఃప్రసారాల్లో ప్రకటనల కోసం కోసేసిన నిమిషాలు ఇందులో ఉన్నాయి. వ్యాఖ్యానాలు, ముఖాముఖీలు వంటి అదనాలు ఆశించేవారికి మాత్రం నిరాశే. మా ప్లేయరులో నవ్వులు లేని ట్రాక్‌ను డిస్కు మార్చిన ప్రతిసారీ మళ్లీ ఎంచుకోవలసి వస్తుంది, ఇది కాస్త విసుగు. గెల్బార్ట్ మాటల గారడీ చాలా వేగంగా సాగుతుంది కనుక ఇంగ్లిషు బాగా వచ్చినవారు కూడా మొదటిసారి సబ్‌టైటిళ్లు పెట్టుకోవడం మంచిది. డీవీడీలను ప్రపంచంలోని ఒక్కో ప్రాంతానికి ఒక్కో ‘రీజియన్’ సంఖ్యతో అమ్ముతారు, ఒక రీజియన్ డిస్కు మరో రీజియన్ ప్లేయరులో ఆడకపోవచ్చు. అమెరికాలో కొన్నది ఒకటవ రీజియన్ డిస్కు, మన దేశానిది ఐదవ రీజియన్. అందుచేత ఊళ్లో ఉన్న పెద్దలకు కానుకగా పంపదలచినవారు అక్కడి ప్లేయరు అన్ని రీజియన్ల డిస్కులనూ ఆడిస్తుందో లేదో ముందుగా కనుక్కోవాలి.