ఆ నర్సరీకి మట్టి కోసం వెళ్ళండి, నారు కోసం వద్దు

శివరాత్రి వెళ్ళిన రెండో ఆదివారం విశాఖలో పెందుర్తి వైపు ఒక నర్సరీకి వెళ్ళాను. పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. మా ఇంటి వెనక పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు జాగా ఉంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు మేస్త్రీలు అందులోనే కప్పెట్టేశారు. గునపం వేస్తే ఖంగుమంటుంది. మట్టి కొనక తప్పలేదు.

ముందు మెచ్చుకోవాల్సింది చెప్తాను. ఎర్రమట్టి బస్తా 90 రూపాయలు, గత్తం (పశువుల ఎరువు) బస్తా 150. మన దగ్గర ఎర్రమట్టి ఒక్కటే వేస్తే నాలుగు తడులకే రోడ్డులా బిగుసుకుపోతుంది, గత్తం కలపాల్సిందే. అక్కడి కుర్రాడు బస్తా మూతి విప్పి గుప్పెడు గత్తం నా చేతిలో పోశాడు. నల్లగా, పొడిపొడిగా, పేడ వాసన లేకుండా ఉంది. బాగా చివికిందన్నమాట. మాగని గత్తం వేస్తే చెదలు, వేరుపురుగు వెంట వస్తాయి. పోయినేడాది కుండీలకని ఇంకోచోట కొని ఆ ముచ్చటా తీర్చుకున్నాను. ఐదు కిలోల కొబ్బరిపొట్టు దిమ్మ కూడా తీసుకుంటే, "రెండుసార్లు కడిగి పిండండమ్మా, ఉప్పుంటాది" అని ఆ కుర్రాడే చెప్పాడు. రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు గత్తం, ఒక పాలు పొట్టు, పైన నాలుగు గుప్పెళ్ళు వేపపిండి కలిపాను. ట్రాలీ ఆటో కూడా వాళ్ళే మాట్లాడి పెట్టారు. ఇంతవరకూ ఐదు స్టార్లు.

డబ్బులు కట్టే దగ్గర ఓనరు తగిలాడు. "టమాటా, కాలీఫ్లవర్ నారు ఫ్రెష్‌గా దిగింది మేడమ్, ఇదే సీజను" అన్నాడు. చెరో డజను తెచ్చాను. ఇంటికి రాగానే మా అత్తగారు (శ్రీకాకుళం మనిషి) ట్రే చూసి, "మార్చిలో కాలీఫ్లవరేటే? ఎండకి పువ్వు కడతాదా?" అన్నారు. కట్టలేదు. ఏప్రిల్ అంతా ఆకులే, అవి పక్కింటి ఆవుకి వెళ్ళాయి. టమాటా ఏపుగా పెరిగింది, పూత కూడా బాగా వచ్చింది. వచ్చింది వచ్చినట్టే రాలిపోయింది. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాటాకి పిందె పడదు, పైగా మనకి రాత్రిళ్ళు కూడా ఉక్కే. పన్నెండు మొక్కలకి నాలుగు కాయలు.

బీర విత్తనాల కథ ఇంకా బాగుంటుంది. పది గింజలు పెడితే రెండే మొలిచాయి. అప్పుడు ప్యాకెట్ తిరగేసి చూశాను. పరీక్ష చేసిన తేదీ నుంచి తొమ్మిది నెలలు వరకే గడువు, ఆ తేదీ పడి ఏడాది దాటింది. ప్యాకెట్ పట్టుకుని మళ్ళీ వెళ్తే ఓనరు దానివంక చూడకుండానే, "నీళ్ళు ఎక్కువ పోసుంటారు" అన్నాడు.

పెరడు నిలబడిందంటే అది వేరేవాళ్ళ చలవ. అర్క అనామిక బెండ విత్తనాలు ఇంకో కొట్లో తేదీ చూసుకుని కొన్నాను. రాత్రంతా నానబెట్టి పెడితే 48వ రోజుకి మొదటి కోత. పక్కవీధిలో మా చెల్లెలి బెండకి పల్లాకు తెగులొచ్చి ఆకులన్నీ పసుపు తేలాయి, నా వాటికి రాలేదు. ఆ తెగులుని తట్టుకునేలా తయారుచేసిన రకమది. ఆనప (సొర) గింజలు అత్తగారు కొంగున ముడేసుకుని ఊరి నుంచి తెచ్చినవి. తీగ బాగానే పాకింది గానీ పిందెలు ఎండి రాలిపోతుంటే, సాయంత్రం తెల్లపూలు విచ్చుకున్నాక టార్చి పట్టుకుని మగపువ్వు తెంపి, కింద పిందె ఉన్న ఆడపువ్వుకి నేనే అద్దుతున్నాను. "పెళ్ళిళ్ళ పేరయ్యవి అయిపోనావు" అని అత్తగారు ఒకటే నవ్వు. అయితేనేం, ఐదు కాయలు దిగాయి.

మొన్న ఇంకో రెండు బస్తాల గత్తం కోసం అక్కడికే వెళ్ళాను. సరుకు అదే నాణ్యత, ధర పది రూపాయలు పెంచారు. వచ్చేస్తుంటే ఓనరు క్యాప్సికం నారు చూపించాడు. మే నెలలో.