సబ్‌స్టిట్యూట్ టీచర్ కిట్: ఏడాది మోశాక బ్యాగులో ఏం మిగిలిందంటే

రివ్యూ పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. కొనాలా వద్దా అన్నది మాత్రమే కావాలంటే ఇదీ సంగతి: బ్యాగు బాగుంది, లోపల ఉన్న డూప్లికేట్ ప్యాడ్ (రాసింది కార్బన్‌తో కింది పేజీ మీదా పడేది) ఇంకా బాగుంది, మిగతా సామానంతా ఎప్పుడూ వేరొకళ్ల క్లాసులోకి అడుగు పెట్టని మనిషి సర్దినట్టుంది. ఐదుకి మూడు స్టార్లు. ఆ మూడింట్లో రెండు ప్యాడ్‌వే.

నేను ఏ స్కూల్లోనూ పర్మనెంట్ కాదు. ఎవరో ఒకరు లీవు పెడతారు, ఫోన్ వస్తుంది, వెళ్తాను. ఏ తరగతో, ఏ సబ్జెక్టో గేటు దాటేదాకా తెలీదు, ఒక్కోసారి దాటాక కూడా ఎవరూ చెప్పరు, "ఆ చివరి రూమ్ మేడమ్" అని చెయ్యి చూపించి వెళ్లిపోతారు. బోర్డు ఉంటుంది, దాని మీద రాయడానికి ఏమీ ఉండదు. బీరువా ఉంటుంది, తాళం లీవులో ఉన్న టీచర్ దగ్గర ఉంటుంది. అందుకే "సబ్‌స్టిట్యూట్ టీచర్‌కి కావలసినవన్నీ ఒకే బ్యాగులో" అని చూడగానే ఆలోచించకుండా ఆర్డర్ పెట్టేశా. కంపెనీ పేరు రాయడం లేదు, ఇలాంటివి చాలామంది అమ్ముతున్నారు, లోపల సరుకు కూడా ఇంచుమించు ఒకటే.

అందులో వచ్చినవి: నాలుగు రంగుల బోర్డు మార్కర్లు, ఒక నల్ల పర్మనెంట్ మార్కర్, చిన్న డస్టర్, విజిల్, అయస్కాంతం ఉన్న టైమర్, స్టిక్కర్ల షీట్లు, "బాత్రూమ్ పాస్" అని రాసున్న కార్డులు, వర్క్‌షీట్ల పుస్తకం, పరీక్ష అట్ట, డూప్లికేట్ ప్యాడ్. చాక్‌పీసు ఒక్కటి కూడా లేదు. అన్ని క్లాసుల్లోనూ తెల్లబోర్డే ఉంటుందని ఎవరు చెప్పారో వీళ్లకి.

మార్కర్ల దగ్గర మొదలుపెడతా, ఎందుకంటే నా పరువు పోయింది అక్కడే. పర్మనెంట్ మార్కర్‌కీ బోర్డు మార్కర్‌కీ ఒకే సైజు, ఒకే నల్ల మూత, తేడా అంతా చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మొదటి వారమే బోర్డుకి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తేదీ, సబ్జెక్టు, రెండు లెక్కలు నీటుగా రాసి, తర్వాత డస్టర్ పెట్టి తుడిస్తే ఒక్క గీత కదల్లేదు. వెనక బెంచీ నుంచి "మేడమ్, అది పోదు" అని ఎంతో జాలిగా ఒక గొంతు. నలభై మంది ముందు నిలబడి వేరొకళ్ల బోర్డు పాడు చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నన్ను గట్టెక్కించింది కూడా పిల్లలే. ఆ గీతల మీదే మామూలు బోర్డు మార్కర్‌తో దిద్ది, తడి ఆరకముందే తుడిచెయ్యమన్నారు. పోయింది! బోర్డు మార్కర్ సిరాలో ఆల్కహాల్ లాంటి ద్రావకం ఉంటుంది, అది కింద ఎండిపోయిన సిరాని కరిగిస్తుంది, సిరా బోర్డుకి అంటుకోకుండా చూసే జిడ్డు పదార్థం కూడా అందులోనే ఉంటుంది కాబట్టి రెండూ కలిసి గుడ్డకి వచ్చేస్తాయి. ఇంటికి రాగానే ఆ పర్మనెంట్ మార్కర్‌ని బ్యాగులోంచి తీసి వంటింట్లో డబ్బాల మీద పేర్లు రాసుకోవడానికి పెట్టేశా.

బ్యాగు డిజైన్‌లో కూడా ఒక లోపం ఉంది. మార్కర్లకి ఇచ్చిన అరలన్నీ నిలువుగా ఉంటాయి, పెన్నులు పెట్టినట్టు మూత పైకి వచ్చేలా దోపుతాం, సిరా కిందికి దిగిపోయి మొన ఎండుతుంది. నెల తిరక్కుండా ఎరుపు, ఆకుపచ్చ అయిపోయాయి. బోర్డు మార్కర్లని పడుకోబెట్టి ఉంచాలి. ఇప్పుడు జిప్ ఉన్న చిన్న పౌచ్‌లో అడ్డంగా పెడుతున్నా, పక్కనే ఒక డబ్బాలో అరడజను చాక్‌పీసులు. డబ్బా ఎందుకంటే ఊరికే వేస్తే విరిగి పొడై బ్యాగంతా తెల్లగా అవుతుంది, అదీ అనుభవమే.

విజిల్ గురించి ఎక్కువ రాయను. గదిలో ఒక్కసారి ఊదా, పక్క క్లాసు టీచరు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు, ఆవిడ ఏమీ అనలేదు, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. టైమర్ వెనక అయస్కాంతం ఉంది, బోర్డుకి అంటిస్తే అందరికీ కనిపిస్తుందని రాశారు. ఉక్కు రేకు ఉన్న బోర్డుకైతే అంటుకుంటుంది, చెక్కబోర్డుకీ గోడకీ కాదు. నాకు చేతి గడియారం చాలు. స్టిక్కర్లు చిన్న పిల్లల క్లాసుల్లో బంగారం, పెద్ద క్లాసులో పొరపాటున బయటికి తీస్తే ఆ రోజంతా మనమే కామెడీ. బాత్రూమ్ పాస్‌లు అసలు వాడలేదు, ఏ స్కూలు పద్ధతి ఆ స్కూలుకి ఉంటుంది, మధ్యలో మన కార్డులేంటి.

నాకు నిజంగా ఒళ్లు మండింది వర్క్‌షీట్ల పుస్తకం మీద. చూడ్డానికి బాగుంది, మంచి కాగితం, రంగుల బొమ్మలు. కానీ ప్రతి పేజీ కిందా "జిరాక్స్ తీసి పంచండి" అనే. ఎక్కడ తియ్యాలి? జిరాక్స్ మిషన్ ఆఫీసులో ఉంటుంది, దానికి ఒక కోడో, ఒక తాళమో, లేదంటే మన మొహం తెలీని ఒక మనిషో కాపలా ఉంటారు. అప్పటికే బెల్లు కొట్టేసి ఉంటుంది. ఒక రోజుకి వచ్చిన టీచర్ దగ్గర కాగితాలూ ఉండవు, టైమూ ఉండదు, పిల్లల పేర్లు కూడా తెలీవు. ఇంత చిన్న విషయం తట్టలేదంటే ఈ కిట్‌ని సొంత క్లాసు, సొంత బీరువా ఉన్నవాళ్లని చూసి తయారుచేశారని అర్థం. మనం తీసుకెళ్లాల్సింది ఎవర్నీ ఏదీ అడక్కుండా నడిచే సరుకు. ఆ పుస్తకం బరువు తీసేసి దాని చోట్లో నేను పెట్టుకున్నది ఒక కాగితం మాత్రమే, దాని మీద నాలుగైదు ఆటలు రాసుకున్నా.

అందులో మొదటిది 6174. ఏవైనా నాలుగు అంకెలు తీసుకోండి, నాలుగూ ఒకటే కాకూడదు, అంతే. వాటితో వచ్చే పెద్ద సంఖ్యలోంచి చిన్న సంఖ్య తియ్యండి, వచ్చినదానితో మళ్లీ అదే చెయ్యండి. 6354 అనుకుందాం. 6543లోంచి 3456 తీస్తే 3087. తర్వాత 8730లోంచి 0378 తీస్తే 8352. తర్వాత 8532లోంచి 2358 తీస్తే 6174. ఇక అక్కడే తిరుగుతుంది. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు సార్లు దాటకుండా అక్కడికే వస్తుంది. దీన్ని కనిపెట్టిన డి.ఆర్. కాప్రేకర్ కూడా స్కూల్ టీచరే, ఆ మాట చెప్తే పిల్లలకి ఇంకాస్త నచ్చుతుంది. నేను ముందే 6174 అని కాగితం మీద రాసి మడిచి మొదటి బెంచీ అమ్మాయి చేతికిస్తా. అందరి లెక్కా అయ్యాక విప్పమంటా. ఆ గోల వింటే పక్క క్లాసు టీచర్ మళ్లీ రావచ్చు, కానీ ఈసారి నాకు సిగ్గు లేదు.

ఒకసారి మాత్రం ఒక అబ్బాయి లేచి "మేడమ్, నాకు సున్నా వచ్చింది, మీ లెక్క తప్పు" అన్నాడు. గుండె జారింది. నోట్‌బుక్ తీసుకుని చూస్తే, వాడు 1000తో మొదలుపెట్టాడు, 1000లోంచి 0001 తీస్తే 999. ముందున్న సున్నా వదిలేసి 999లోంచి 999 తీసేశాడు, సున్నా రాక ఇంకేం వస్తుంది! 0999 అని రాసి మళ్లీ చెయ్యమన్నా: 9990లోంచి 0999 పోతే 8991, తర్వాత 8082, తర్వాత 8532, తర్వాత 6174. ముందున్న సున్నాకి విలువ లేదని చిన్నప్పటి నుంచీ చెప్తాం కదా, ఇక్కడ అదే కొంప ముంచింది. ఆ పీరియడ్ మిగతా టైమంతా దాని మీదే మాట్లాడుకున్నాం, చివర్లో వాడే బోర్డు దగ్గరికి వచ్చి మిగతావాళ్లకి చెప్పాడు.

రెండోదానికి ఒక్క తెల్లకాగితం చాలు. సగానికి మడవండి, మళ్లీ సగానికి, ఎన్ని సార్లు మడవగలరు? అందరూ పది అంటారు, ఆరో ఏడో మడతకి చేతులెత్తేస్తారు. 2002లో బ్రిట్నీ గాలివన్ అనే హైస్కూల్ విద్యార్థిని చాలా పొడవైన టాయ్‌లెట్ పేపర్‌ని 12 సార్లు మడిచింది. కాగితం మందం మిల్లీమీటర్‌లో పదో వంతు అనుకుని, 42 సార్లు మడవగలిగితే ఆ మందం చంద్రుణ్ణి దాటిపోతుందని చెప్పి లెక్క వాళ్లనే కట్టమంటే పీరియడ్ ఎలా గడిచిందో తెలీదు. పెద్ద క్లాసులకి ఇది బాగా పనికొస్తుంది, చిన్నవాళ్లు ఆ కాగితంతో రాకెట్లు చేసేస్తారు, అదీ మంచిదే.

ఇక డూప్లికేట్ ప్యాడ్. కొన్నప్పుడు దీన్ని పట్టించుకోలేదు, ఇప్పుడు కిట్ మొత్తంలో నేను రోజూ వాడేది ఇదొక్కటే. పైన ఒక పేజీ, కింద కార్బన్, దాని కింద ఇంకో పేజీ. క్లాసులోకి వెళ్లగానే బెంచీలకి గళ్లు గీసి ఎవరు ఎక్కడ కూర్చున్నారో వాళ్ల చేతే పేర్లు రాయిస్తా. అటెండెన్సూ అయిపోతుంది, పేర్లూ తెలుస్తాయి. "నువ్వు, ఆ నీలం పెన్ను పట్టుకున్న బాబూ" అనడానికీ పేరు పెట్టి పిలవడానికీ ఎంత తేడా ఉంటుందో క్లాసులోకి వెళ్లినవాళ్లకి తెలుసు. ఒకళ్ల పేరు ఇంకొకళ్లు రాసేస్తారు, అందుకని మధ్యలో రెండు పేర్లు పిలిచి చూస్తా, తప్పు చెయ్యి లేస్తే నవ్వులతోనే దొరికిపోతారు. బెల్లు కొట్టే ముందు అదే పేజీ కింద ఏం చెప్పాను, ఎక్కడ ఆపాను, ఎవరు సాయం చేశారు, ఎవరికి ఒంట్లో బాగోలేదు, ఇలా నాలుగు ముక్కలు రాసి పై కాగితం టేబుల్ మీద పెడతా, కార్బన్ కాపీ నా దగ్గరుంటుంది. ఒకసారి "మీరు వచ్చిన రోజు పాఠమేమీ జరగలేదట" అని ఫోన్ వస్తే ఆ కాపీ ఫొటో తీసి పంపా. తర్వాత ఇంకేమీ అనలేదు.

బ్యాగు గురించి రెండు ముక్కలు. కుట్టు గట్టిది, జిప్ ఇప్పటిదాకా పట్టెయ్యలేదు, నీళ్ల బాటిల్ పక్క అరలో సరిగ్గా పడుతుంది. రోజంతా కొత్త గదుల్లో గొంతు చించుకుంటాం కాబట్టి ఆ బాటిల్ లేకపోతే సాయంత్రానికి మాట రాదు. పైన పెద్ద అక్షరాలతో "సబ్‌స్టిట్యూట్ టీచర్" అని ప్రింట్ చేశారు, అది మాత్రం ఎందుకో తెలీదు, పిల్లలకి ఆ విషయం మనం గుమ్మంలో నిలబడగానే తెలిసిపోతుంది. నేను దాని మీద గుడ్డ ముక్క కుట్టేశా.

ప్యాడ్ అయిపోయాక అది విడిగా దొరుకుతుందేమోనని కంపెనీవాళ్లకి రాశాను, మొత్తం కిట్ కొంటేనే ఇస్తామన్నారు. ఇంకో విజిల్ నాకెందుకు? స్టేషనరీ షాపులో కార్బన్ వేసిన బిల్లు బుక్కు తెచ్చుకున్నా, పని అంతే చక్కగా జరుగుతోంది. కాకపోతే "సరుకు" అన్న గడిలో క్లాసు పేరు, "మొత్తం" అన్న గడిలో వచ్చిన పిల్లల సంఖ్య రాస్తున్నా. మొన్న ఒక టీచరమ్మ ఆ కాగితం చూసి "బిల్లు ఎవరు కట్టాలి మేడమ్" అని అడిగారు.